సూరత్ అన్న జట్టుకి మేనేజర్ కావాలి

మన గోడపత్రికలో క్రికెట్ మీద వ్యాసాలు చూశాను గానీ ఫుట్‌బాల్ మీద ఇంతవరకూ చూడలేదు. నేను రాయబోయేది కూడా మైదానంలో ఆడే ఫుట్‌బాల్ గురించి కాదు. ఫోన్‌లో నడిచే ఒక ఫుట్‌బాల్ లీగ్ గురించి. "ఫోన్‌లో ఆటలేమిటి, అవి తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీదకి ఎక్కడమేమిటి" అని మేడమ్‌లు అనుకునేలోపే ఒక మాట చెప్పేస్తాను. ఈ వ్యాసంలో తెలుగు కూడా ఉంది. కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే.

ఈ ఆటలో మనం బంతిని తన్నం. స్క్రీన్ మీద వేళ్ళతో ఎవరినీ పరిగెత్తించం. మనం మేనేజర్లం అన్నమాట. చేతిలో ఒక జట్టు ఉంటుంది, అందులో ఇరవై మందికి పైగా ఆటగాళ్ళు ఉంటారు. వాళ్ళెవరూ నిజం మనుషులు కారు. ఒక్కొక్కరికి పరుగు ఎంత, పాస్ ఇచ్చే నేర్పు ఎంత, ఒంట్లో ఓపిక ఎంత అని అంకెలు ఉంటాయి. వాళ్ళచేత ఏ సాధన చేయించాలి, ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, రేపటి మ్యాచ్‌లో ఎవరిని దింపాలి, ముందుకి తోసుకుపోవాలా లేక వెనక గట్టిగా కాచుకోవాలా, ఇవన్నీ మనం ముందే పెట్టి ఉంచాలి. దీన్ని మేము 'ఆర్డరు పెట్టడం' అంటాం. రాత్రి తొమ్మిదింటికి మ్యాచ్ దానంతటదే నడుస్తుంది. మనం చూస్తున్నా నడుస్తుంది, నిద్రపోతున్నా నడుస్తుంది. ఆ సమయానికి ఫోన్ ముందు ఉన్నవాళ్ళు హాఫ్‌టైమ్‌లో ఒకరిద్దరిని మార్చుకోవచ్చు. లేనివాళ్ళకి ముందు పెట్టిన ఆర్డరే దిక్కు.

ఈ రకం ఆటలు కొత్తవేం కావు. ఇంగ్లండులో కెవిన్ టామ్స్ అనే ఆయన 1982లోనే 'ఫుట్‌బాల్ మేనేజర్' అని ఒక కంప్యూటర్ ఆట తయారుచేశాడు. 1992లో కాలియర్ అన్నదమ్ములిద్దరూ కలిసి 'చాంపియన్‌షిప్ మేనేజర్' తెచ్చారు. 1997లో స్వీడన్‌లో మొదలైన 'హాట్రిక్' ఇంటర్నెట్‌లో ఒకరితో ఒకరు ఆడుకునే ఆట. అందులో లీగ్‌కి ఎనిమిది జట్లు, సీజన్‌కి ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు. మా లీగ్ లెక్క కూడా అదే. లోపల జరిగేది మాత్రం మన అష్టాచెమ్మా లాంటిదే. గోల్‌కి అవకాశం వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ రెండు జట్ల అంకెలూ పోల్చి గవ్వలు వేస్తుంది. మన ముందువరుస ఎదుటివాళ్ళ వెనకవరుస కన్నా బలంగా ఉంటే గవ్వలు మనవైపు పడడానికి ఎక్కువ వీలు. ఎక్కువ వీలు, అంతే. తప్పకుండా పడతాయని కాదు. ఈ చిన్న తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగిన గొడవంతా దీని మీదే.

మా లీగ్‌లో ఎనిమిది మందిమి. చికిటిలో నేను, మా చిన్నాన్న కొడుకు. వాడు ప్లస్ టు చదువుతున్నాడు. ఇచ్ఛాపురంలో మా మేనత్త కొడుకు, అంటే బావ. కవిటిలో బావ స్నేహితుడు ఒకాయన. బరంపురంలో అప్పడాలు, పచ్చళ్ళు అమ్మే మా చిన్న మామయ్య. పెళ్ళయి విశాఖపట్నంలో ఉంటున్న మా అక్క. సూరత్‌లో మా పెదనాన్న కొడుకు, మేమంతా సూరత్ అన్న అంటాం. ఎనిమిదోవాడు అన్నతో ఒకే గదిలో ఉండే అబ్బాయి. అతనిదీ గంజాం జిల్లానే, కానీ తెలుగు రాదు, ఒడియా మాట్లాడతాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైనప్పుడు మా చికిటి ఇటు పడింది, ఇచ్ఛాపురం అటు మద్రాసులో ఉండిపోయింది. అప్పటినుంచి మా చుట్టాలు రెండు రాష్ట్రాల్లో ఉన్నారు. ఆ తర్వాత పని కోసం సూరత్ వెళ్ళినవాళ్ళతో మూడు రాష్ట్రాలయ్యాయి. పెళ్ళిళ్ళకి, చావులకి తప్ప అందరం ఒకచోట చేరం. ఇప్పుడు మాత్రం వారానికి రెండు రాత్రులు, బుధవారం, ఆదివారం, తొమ్మిదింటికి ఒక చోట ఉంటున్నాం.

మొదట్లో అమ్మకి ఇది ససేమిరా ఇష్టం లేదు. 'లీగ్' అన్న మాట వినగానే ఆవిడకి ఐపీఎల్ పందాలు గుర్తొచ్చాయి. "డబ్బులేటైనా పెట్టినారేటే?" అని అడిగింది. ఆ భయం ఉత్త భయం కాదు. పందెం కాసి అప్పులపాలైన కుర్రాళ్ళ కథలు ఊరూరా ఉన్నాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. అందులో నైపుణ్యం ఉందా, అదృష్టం ఉందా అన్నది చూడకుండా, డబ్బు పెడితే చాలు తప్పే అంది. డబ్బు లేని ఆటలనీ, ఈ-స్పోర్ట్స్‌నీ మాత్రం వేరుగా చూసింది. మా లీగ్‌లో పైసా లేదు. అమ్మని పక్కన కూర్చోబెట్టి ఒక మ్యాచ్ మొత్తం చూపించాను. "బొమ్మలు కూడా లేవు, ఉత్త అక్షరాలే కదే" అంది. నిజమే, మ్యాచ్ అంతా ఒక్కొక్క వాక్యంగా వస్తుంది. ఆ రోజు నుంచి అమ్మ "మీ పేపరు చదివేసినావా" అని అడుగుతోంది.

నేను ఆడడానికి ఇంకో కారణం ఉంది. మా ఊళ్ళో మైదానం ఉంది, బంతీ ఉంది, ఆడేది మగపిల్లలు. మేము ఆ పక్కనుంచి ట్యూషన్‌కి వెళ్ళేవాళ్ళం. 2022 అక్టోబర్‌లో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో పదిహేడేళ్ళలోపు అమ్మాయిల ప్రపంచకప్ జరిగినప్పుడు మన దేశం ఆడిన మూడు మ్యాచ్‌లూ టీవీలో చూశాను. అమెరికా మీద 0-8, మొరాకో మీద 0-3, బ్రెజిల్ మీద 0-5. మూడూ ఓడిపోయారు. అయినా నా వయసు అమ్మాయిలు, మన రాష్ట్రంలో, అంతమంది ముందు ఆడడం చూశాక ఫుట్‌బాల్ అంటే మగపిల్లల ఆట అనే మాట నా చెవికి ఎక్కడం మానేసింది. బంతి దొరకలేదు గానీ జట్టు దొరికింది.

ఇక ఈ సీజన్ సంగతి. సంక్రాంతి వెళ్ళాక మొదలై, హోళీ దాకా నడిచింది. పట్టికలో మొదటి స్థానం సూరత్ అన్నది. 14 మ్యాచ్‌ల్లో 10 గెలుపులు, 2 డ్రాలు, 2 ఓటములు, మొత్తం 32 పాయింట్లు. రెండో స్థానం ఇచ్ఛాపురం బావ, 28. మూడు నేను, 24. నాలుగు మా తమ్ముడు, 22. మామయ్య ఆఖరున ఉన్నారు. ఆయన అంగడి మూసే హడావుడిలో ఆర్డరు పెట్టడం మర్చిపోతారు. ఒకసారి గాయపడినవాడినే గోల్‌కీపర్‌గా దింపారు. "వాడు మంచోడమ్మా, ఆడతానన్నాడు" అన్నారు.

అన్న సంగతి కొంచెం చెప్పాలి. ఆయన పవర్‌లూమ్‌లో పనిచేస్తాడు. షిఫ్టు పన్నెండు గంటలు, నిలబడే పని. కొన్నాళ్ళు పగలు, కొన్నాళ్ళు రాత్రి. గదిలో పగటి షిఫ్టువాళ్ళు లేచిన చోట రాత్రి షిఫ్టువాళ్ళు పడుకుంటారు. మగ్గం దగ్గర ఫోన్ తీయడానికి ఉండదు. ఇలాంటి మనిషి వేరే ఏ ఆటలోనూ మాతో కలవలేడు. ఈ ఆటలో కలవగలిగాడు, ఎందుకంటే ఆర్డరు పెట్టి వెళ్ళిపోతే చాలు. ఈ సీజన్‌లో 14 మ్యాచ్‌లకి 14 సార్లూ వేళకి ఆర్డరు పెట్టినవాళ్ళం ఇద్దరమే. ఒకరు నేను, ఒకరు అన్న. నాకున్నది కాలేజీ, బస్సు ప్రయాణం. ఆయనకున్నది మగ్గం.

మేము ఆడే ఆటలో ప్లేఆఫ్‌లు లేవు. పట్టికలో మొదట ఉన్నవాడే విజేత. కానీ పట్టిక ఆఖరి రెండు వారాలకే తేలిపోయి ఉసూరుమంటోందని బావ ఒక పద్ధతి తెచ్చాడు. మొదటి నలుగురి మధ్య ఫ్రెండ్లీ మ్యాచ్‌లు పెట్టి, ఒకటో స్థానానికి నాలుగోది, రెండుకి మూడు, గెలిచినవాళ్ళకి ఫైనల్. ఐఎస్ఎల్‌లో కూడా ఇలాగే ఉండేది కదా అన్నాడు. అది నిజం. అక్కడ పట్టికలో మొదటివాళ్ళకి షీల్డు ఇచ్చేవారు, ప్లేఆఫ్‌లు గెలిచినవాళ్ళకి కప్పు. రెండూ ఒకళ్ళకే రావాలని ఉండేది కాదు. 2021-22 సీజన్‌లో జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో పైన ఉంది, హైదరాబాద్ 38తో రెండో స్థానం. సెమీఫైనల్లో జంషెడ్‌పూర్‌ని నాలుగో స్థానంలో ఉన్న కేరళ బ్లాస్టర్స్ ఓడించింది. ఫైనల్లో కేరళ, హైదరాబాద్ 1-1తో నిలిచాయి. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు హైదరాబాద్‌కి వచ్చింది. మన తెలుగువాళ్ళ నగరానికి కప్పు వచ్చిందని ఆ రాత్రి బావ మిఠాయి కొని పంచాడట. జంషెడ్‌పూర్‌వాళ్ళ సంగతి అప్పుడు మాలో ఎవరం అడగలేదు.

లెక్క వేసి చూస్తే ప్లేఆఫ్ ఎంత జారుడుమెట్టో తెలుస్తుంది. ఒక జట్టు మిగతావాళ్ళ కన్నా బాగుంది, పది మ్యాచ్‌లు ఆడితే ఆరు గెలుస్తుంది అనుకుందాం. 14 మ్యాచ్‌ల పట్టికలో ఆ బలం బయటపడడానికి వ్యవధి ఉంటుంది. ఒక రోజు గవ్వలు తిరగబడ్డా ఇంకో రోజు సర్దుకుంటాయి. అదే జట్టు ఒక సెమీఫైనల్, ఒక ఫైనల్ వరసగా గెలవాలంటే వీలు నూటికి 36 మాత్రమే. అంటే అందరికన్నా మంచి జట్టు కప్పు గెలవకపోవడానికే ఎక్కువ వీలు. ఇది నేను మ్యాథ్స్ చదివే స్నేహితురాలిచేత సరిచూయించాను, నా మాట నమ్మక్కర్లేదు. మరి ఎందుకు పెడతారు ప్లేఆఫ్‌లు? నాలుగోవాడికి కూడా ఆఖరి వారందాకా ఆశ ఉండాలని. చూసేవాళ్ళకి గుండె కొట్టుకోవాలని. అదీ తక్కువ కారణం కాదు.

సెమీఫైనల్ బుధవారం రాత్రి. ఆ వారమే అన్నకి రాత్రి షిఫ్టు పడింది. సాయంత్రం ఆరున్నరకి ఆర్డరు పెట్టి వెళ్ళిపోయాడు. తొమ్మిదింటికి మ్యాచ్ మొదలైంది. తమ్ముడు మా ఇంట్లోనే, నా పక్కనే కూర్చున్నాడు. నా మ్యాచ్ బావతో, అదీ అప్పుడే నడుస్తోంది. 38వ నిమిషంలో అన్న జట్టు కెప్టెన్‌కి ఎర్రకార్డు వచ్చింది. పది మంది మిగిలారు. అన్న ఫోన్ ముందు ఉంటే హాఫ్‌టైమ్‌లో ముందువరుసలో ఒకడిని తీసి వెనకవరుసలో ఇంకొకడిని పెట్టేవాడు. మగ్గం దగ్గర ఉన్నాడు కాబట్టి పదకొండు మందికి రాసిన ఆర్డరే పది మందితో నడిచింది. తమ్ముడు హాఫ్‌టైమ్‌లో ఒక ఫార్వర్డ్‌ని దింపాడు. 71వ నిమిషంలో ఆ కుర్రాడే గోల్ కొట్టాడు. 1-0. తమ్ముడు ఎగరలేదు, అరవలేదు. "అక్కా, అన్నకి ఎవరు చెప్తారు?" అన్నాడు. నా మ్యాచ్‌లో నేను బావ చేతిలో 1-2తో ఓడిపోయాను, అది ఆ క్షణంలో గుర్తే లేదు.

పొద్దున ఏడు దాటాక గ్రూపులో అన్న మెసేజ్ వచ్చింది, ఎప్పట్లాగే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "పిల్లోడు గెలిసినాడా? మంచిదే. ఎర్రకార్డు ఎవులికే?" అంతే. ఆదివారం ఫైనల్లో తమ్ముడు బావని కూడా ఓడించి కప్పు ఎత్తాడు. అదే రోజు రాత్రి అన్న నాకు విడిగా ఫోన్ చేశాడు. "ఇంక మూడు నెలలు నాకు రాత్రి షిఫ్టేనే. వచ్చే సీజన్ నన్ను ఒగ్గేయండి" అన్నాడు. గొంతులో కోపం ఏమీ లేదు. అలసట ఉంది. కోపం ఉంటే బతిమాలొచ్చు. అలసటని ఏమని బతిమాలతాం?

ఇలాంటప్పుడు అవార్డుల ఓటింగ్ వచ్చింది. లీగ్‌కి కార్యదర్శిని నేనే. లెక్కలు రాసేది, ఓట్లు తీసుకునేది నేను. అవార్డులు ఐదు: ఎక్కువ గోల్స్ కొట్టినవాడు, ఉత్తమ గోల్‌కీపర్, ఉత్తమ ఆటగాడు, ఎదిగొచ్చిన కుర్రాడు, ఉత్తమ మేనేజర్. మొదటి నాలుగూ ఉత్తుత్తి మనుషులకి. ఐదోది నిజం మనిషికి. మొదటి నాలుగింటికి రాని పేచీ ఐదోదానికి వచ్చింది.

బావ వాదన ఒకటే. "కప్పు ఎవడు గెలిస్తే వాడే మేనేజరు. దాంట్లో ఓటెందుకు?" అక్క ఒప్పుకోలేదు. కప్పుకి కప్పు ఉంది కదా, మళ్ళీ అదే పనికి రెండో బహుమతి ఎందుకు అంది. నేను గ్రూపులో ఒక సంగతి పెట్టాను. అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడి ఓటింగ్ ప్లేఆఫ్‌లు మొదలవకముందే ముగిసిపోతుంది. సీజన్ అంతా చేసిన పనిని ప్లేఆఫ్‌ల వెలుగులో మర్చిపోకుండా ఉండడానికి అది మంచి కట్టుబాటు. బావ చదివి, "అది అమెరికా, ఇది ఇచ్ఛాపురం" అన్నాడు. ఇది చికిటి అని నేను అన్నాను. కవిటి ఆయన మధ్యలో నవ్వు బొమ్మ పెట్టి తప్పుకున్నాడు.

చివరికి ఎవరి మనసుకి తోచినట్టు వాళ్ళు ఓటెయ్యాలని తేలింది. ఎవరికి వాళ్ళు వేసుకోకూడదు. సమానం అయితే పట్టికలో పాయింట్లు చూడాలి. ఈ ఆఖరి నియమం సీజన్ మొదట్లోనే రాసుకున్నాం. సమానం అయినప్పుడు ఏదో ఒక లెక్క కావాలి కదా. 2023-24 ఐఎస్ఎల్‌లో మన ఒడిశా ఎఫ్‌సీ తరఫున రాయ్ కృష్ణ 13 గోల్స్ కొట్టాడు, కేరళ తరఫున దియామంతకోస్ కూడా 13 కొట్టాడు. తక్కువ మ్యాచ్‌ల్లో కొట్టినవాడు దియామంతకోస్, బంగారు బూటు అతనికే వెళ్ళింది. మామయ్యకి ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

ఓట్లు నాకు ఒక్కదానికే వచ్చాయి. లెక్కపెడితే అన్నకి నాలుగు, తమ్ముడికి నాలుగు. వేసినవాళ్ళని చూస్తే ఇంకో విశేషం కనిపించింది. అన్న తన ఓటు తమ్ముడికి వేశాడు. తమ్ముడు తన ఓటు అన్నకి వేశాడు. రహస్య ఓటు బయటపెడుతున్నానేమిటి అనకండి, ఇద్దరినీ అడిగి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వీళ్ళిద్దరిలో ఎవరు తన ఓటు ఇంకెవరికి వేసినా సమానం అయ్యేది కాదు. నియమం ప్రకారం 32 పాయింట్ల అన్నే ఉత్తమ మేనేజర్. బావ కూడా ఏమీ అనలేదు.

ఇక్కడికి తెలుగు వచ్చింది. బహుమతి అంటే మా దగ్గర డబ్బు లేదు, కప్పు లేదు. ఉన్నది ఒక ప్రశంసాపత్రం. దాన్ని నేను రాస్తాను, గ్రూపులో పెడతాం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బడిలో చదివింది ఒడియా. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఇచ్ఛాపురంలో మేనత్త దగ్గర, వేసవి సెలవుల్లో. ఆవిడ పాత క్యాలెండర్ కాగితాల వెనక దిద్దించేది. అన్నకి ఆ సెలవులు దొరకలేదు. ఆయన తెలుగు మాట్లాడతాడు, తెలుగులో తిడతాడు, తెలుగులో కల కంటాడేమో కూడా. చదవడం మాత్రం ఒడియా, హిందీ. మా చికిటి వైపు ఇలాంటివాళ్ళు ఇంటికొకరు ఉంటారు, ఈ గోడ ముందు నిలబడి చదువుతున్న మీలో కొందరికి మీ ఇంట్లోవాళ్ళే గుర్తొస్తూ ఉంటారు.

ఐదు ప్రశంసాపత్రాలూ తెలుగులోనే రాయాలని కూర్చుంటే మాటల దగ్గర ఇబ్బంది వచ్చింది. గోల్, పాస్, పెనాల్టీ అందరికీ తెలుసు, అలాగే ఉంచాను. 'క్లీన్ షీట్' అని రాస్తే మామయ్య దుప్పటి అనుకుంటారు. "గోల్ తినని మ్యాచ్" అని రాశాను. 'అసిస్ట్'కి బావ "అందింపు" అన్నాడు. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడికి గిన్నె అందించేవాడు ఉంటాడు చూడండి, అలాగన్నమాట. బాగుందని పెట్టేశాను. 'డిఫెండర్' దగ్గర తమ్ముడు "కాపుదారు" అన్నాడు, చేలో కాపు ఉండేవాడిలాగ. అదీ పెట్టాను. ఇవి నిఘంటువులో ఉన్నాయో లేదో చూడలేదు. ఎనిమిది మందిలో ఏడుగురికి వినగానే అర్థమయ్యాయి. ఎనిమిదో అబ్బాయికి అన్న ఒడియాలో చెప్పాడు.

అన్నకి రాసినది ఇది. "పద్నాలుగు మ్యాచ్‌లకి పద్నాలుగు సార్లూ వేళకి ఆర్డరు పెట్టినవాడు. పన్నెండు గంటలు నిలబడి వచ్చి, కూర్చోకముందే జట్టుని చూసుకున్నవాడు. ఖరీదైన ఆటగాడిని ఒక్కడిని కూడా కొనకుండా, బెంచీ మీద కూర్చున్న కుర్రాళ్ళని తీర్చిదిద్ది 32 పాయింట్లు తెచ్చినవాడు. తను ఓడిన రాత్రి తన ఓటు గెలిచినవాడికి వేసినవాడు. ఈ సీజన్ మా ఉత్తమ మేనేజర్ సూరత్ అన్న."

రాసింది ఆయన చదవలేడు కాబట్టి చదివి, వాయిస్ మెసేజ్ పెట్టాను. పొద్దున షిఫ్టు దిగాక విన్నాడు. గదిలో పడుకోబోతున్నవాళ్ళకి, లేచి వెళ్ళబోతున్నవాళ్ళకి కూడా వినిపించాడట. ఇంత చిన్న సంగతికి ఇంత ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. జట్టు ఉత్తుత్తిది, ఆటగాళ్ళు ఉత్తుత్తివాళ్ళు, ఇది నాకూ తెలుసు. కానీ పన్నెండు గంటల పని తర్వాత ఫోన్ తీసి ఆర్డరు పెట్టిన ఓపిక ఉత్తుత్తిది కాదు. ఆయన రోజూ నేసే గుడ్డకి మీటర్ల లెక్క ఉంటుంది, పేరు ఉండదు. పేరు పెట్టి, ఫలానా పని బాగా చేశావు అని ఆయనకి ఎవరైనా ఎప్పుడైనా చెప్పి ఉంటారా? నాకు తెలిసి ఇదే మొదటిసారి. ప్లేఆఫ్ ఆ రాత్రి ఎవరు గెలిచారో చెప్తుంది. పట్టిక రోజూ ఎవరు వచ్చారో చెప్తుంది. ఈ రెండూ అంకెలే. ఆ అంకెల వెనక ఏం జరిగిందో చెప్పడానికి మాత్రం ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

సాయంత్రం అన్న తిరిగి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బాగా సదివినావే. కాపుదారు అంటే నవ్వొచ్చింది. మూడు నెలలు కుదరదు గానీ, ఆ తరవాత సూద్దాం. జట్టుని అమ్మేయకండి." మొదట ఒగ్గేయమన్న మనిషి ఇప్పుడు అమ్మేయొద్దంటున్నాడు. నాకు అది చాలు.

వచ్చే సీజన్‌కి రెండు నియమాలు మార్చుకున్నాం. ఒకటి, పట్టికలో మొదటివాళ్ళకి కూడా బహుమతి ఉంటుంది, షీల్డు అని పిలుస్తాం. రెండు, సెమీఫైనల్ ఒక్క మ్యాచ్ కాదు, రెండు, మొత్తం గోల్స్ కలిపి చూస్తాం. దీనికి మామయ్య అభ్యంతరం చెప్పారు. 2024 ఏప్రిల్‌లో సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో ఒడిశా ఎఫ్‌సీ కళింగ స్టేడియంలో మోహన్ బగాన్‌ని 2-1తో ఓడించింది. రెండో మ్యాచ్ కోల్‌కతాలో 0-2తో ఓడి ఇంటికొచ్చింది. ఒక్క మ్యాచే అయితే మనం ఫైనల్లో ఉండేవాళ్ళం కదా అని ఆయన బాధ. నిజమే. కానీ పట్టికలో పైనున్నవాళ్ళకి ఒక రాత్రి జారితే లేచి నిలబడడానికి ఇంకో రాత్రి దొరకాలి. ఆ రెండిట్లో ఒకటి అందరికీ సెలవున్న రోజు పెడతాం.

ఇంక మిగిలింది ఒక పని. మూడు నెలలు అన్న జట్టుని చూసుకోవడానికి ఒకరు కావాలి. ఒకరు రెండు జట్లు నడపకూడదని నియమం కాబట్టి నేను చెయ్యలేను. మన క్లాసులో ఎవరైనా ముందుకు రావచ్చు. ఫుట్‌బాల్ తెలియక్కర్లేదు, నేర్పుతాం. డబ్బు పెట్టక్కర్లేదు, పెట్టనివ్వం. బుధవారం, ఆదివారం తొమ్మిది లోపల ఆర్డరు పెట్టాలి, అంతే పని. అన్న వారానికోసారి వాయిస్ మెసేజ్‌లో సలహాలు చెప్తానన్నాడు. ఆయన ఎడమవైపు కాపుదారుని మాత్రం అమ్మకూడదట, కుర్రాడు ఇంకా ఎదుగుతున్నాడట. ఇష్టమున్నవాళ్ళు లంచ్‌లో నన్ను కలవండి. చికిటి బస్సు నాలుగున్నరకి, అంతవరకూ కాలేజీలోనే ఉంటాను.